కంపెనీ మొక్కు

మే నెల మొదటి సోమవారం పొద్దున శ్యాంసుందర్ అద్దం ముందు మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. జుట్టు దువ్వుకోవడం ఆయనకు ఎలాగూ పావుగంట పని. నలభై దాటినా ఒత్తుగా, ఒక పక్కకు వాలి ఉండే జుట్టు ఆయనది. దాన్ని చూసుకుని ఆయన మురిసేవాడు, ఆయన్ని చూసి భార్య నవనీత నవ్వేది. ఆ రోజు మాత్రం దువ్వెన ఆపి ఆపి ఒక ఉపన్యాసం కూడా సాధన చేస్తున్నాడు.

"ఎవల్తోని మాట్లాడుతున్నరు?" అని నవనీత వంటింట్లోంచి అడిగింది.

"టీమ్‌తోని."

"టీమ్ ఇంక ఇండ్లల్లనే ఉన్నది. వచ్చి టిఫిన్ తినుండ్రి."

శ్యాంసుందర్ కరీంనగర్‌లో మంచుతెర కూలర్ల కంపెనీ బ్రాంచికి సేల్స్ మేనేజర్. రాళ్ళు పగిలే ఎండలున్న చోట కూలర్లు అమ్మడం ఎంత పని అనుకుంటారేమో. సరిగ్గా అలాగే అనుకుని ఇంకా నాలుగు కంపెనీలు అక్కడ దుకాణాలు తెరిచాయి. నెలాఖరుకల్లా టార్గెట్ అందకపోతే కరీంనగర్ బ్రాంచిని ఎత్తేసి నిజామాబాద్‌లో కలిపేస్తామని హైదరాబాద్‌లో ఉండే జోనల్ మేనేజర్ హరీష్ తేల్చి చెప్పారు. కలిపేది బల్లలను, కుర్చీలను మాత్రమే. మనుషులను ఇంటికి పంపిస్తారు. ఆ మాట చెప్పిన నోటితోనే ఆయన శ్యాంసుందర్‌ను రెండు రోజుల శిక్షణకు పిలిపించి, బెంగళూరు నుంచి రప్పించిన ఒకాయనతో టీమ్‌లో ఉత్సాహం నింపడం ఎలాగో నేర్పించి పంపారు.

బ్రాంచిలో శ్యాంసుందర్ కింద ఉన్నది ముగ్గురు. ముత్యం ఖానాపూర్, ఉట్నూర్ వైపు తిరిగే సేల్స్‌మన్. దుబాయ్‌లో చాలాకాలం చేసి, ఇక పోనని పెళ్ళాం పిల్లలకు మాటిచ్చి వచ్చినవాడు. ఐలవ్వ యాభై దాటిన మనిషి, మహిళా సంఘాల ఆడవాళ్ళకు కూలర్లు అమ్ముతుంది. ఆమె ఒక ఇంట్లో కూర్చుని చాయ్ తాగిందంటే ఆ వాడలో రెండు కూలర్లు దిగినట్టే. మూడో మనిషి జేమ్స్, రిపేర్లు చూస్తాడు, నెమ్మదస్తుడు, ఆదివారం మెథడిస్టు చర్చిలో పాటలు పాడతాడు.

"ఇయ్యాల్టి నుంచి మనది ఆఫీసు గాదు, ఒక్క కుటుంబం," అని శ్యాంసుందర్ మొదలుపెట్టాడు. "ఒక్కొక్కరు మనసుల ఒకటి అనుకోవాలె. మీకు అన్నిటికంటె పానం ఏదో, దానితోని ఈ టార్గెట్‌ను ముడేసుకోవాలె. టార్గెట్ అయితే గది చేస్తనని మాట పెట్టుకోవాలె. ఎవలకు చెప్పద్దు."

"బయటికి చెప్పద్దా సార్?" అని ఐలవ్వ అడిగింది.

"చెప్తే దాని బలం పోతదట."

"అయినంక తప్పకుండ తీర్చుకోవాలె?"

"తప్పకుండ. తీర్చకపోతే మల్లోసారి మన మాట మన మనసే నమ్మది."

"నిజమే సార్," అని ముత్యం నిట్టూర్చాడు. "మా చిన్నాయన తీర్చక ఎంత పరేషాన్ అయిండో."

ముత్యం చిన్నాయన కూడా ఎక్కడో సేల్స్‌లో పనిచేసి ఉంటాడనుకుని శ్యాంసుందర్ సంతోషించాడు. ఐలవ్వ మాత్రం ఆయన వైపు జాలిగా చూసి, "గిది నేర్చుకునుటానికి హైదరాబాద్‌ల రెండు దినాలు పట్టిందా సార్? మా అవ్వ చిన్నప్పుడే చెప్పింది," అంది.

శ్యాంసుందర్ మనసులో ఉన్నది ఒక కొత్త బండి, ఒక ఫ్రిజ్, పిల్లల కాలేజీ లాంటివి. వినేవాళ్ళకు అర్థమైంది మొక్కు. మనసులో అనుకోవాలి, పైకి చెప్పొద్దు, అయినంక తీర్చాలి అని కరీంనగర్‌లో ఎవరితోనన్నా అనండి, వాళ్ళు వేములవాడ రాజన్న ఎటువైపు ఉన్నాడో చూసి దండం పెడతారు. శిక్షణ ఇచ్చిన బెంగళూరు ఆయనకు ఆ సంగతి తెలియకపోతే తప్పు లేదు. వేములవాడ పక్కనే పుట్టి పెరిగిన శ్యాంసుందర్‌కు తట్టకపోవడమే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇక చూడండి. ముత్యం ఉట్నూర్ జీపుల టాపుల మీద కూలర్లు కట్టించి, జీపు ఆగిన ప్రతి ఊళ్ళో ఒకటి దింపుకుంటూ పోయాడు. ఐలవ్వ రోజుకు ఎన్ని చాయ్‌లు తాగిందో ఆమె కడుపుకే తెలియాలి. జేమ్స్ రిపేరుకని వెళ్ళిన ఇంట్లో పాత కూలర్‌ను మెల్లగా తట్టి, "దీని కాలం అయిపోయిందమ్మా," అని ఎంత బాధగా చెప్పేవాడంటే, వాళ్ళు ఆ పూటే కొత్తది కొనేవారు.

శ్యాంసుందర్‌కు ఆనందంతో పాటు పెద్ద కుతూహలం పట్టుకుంది. వీళ్ళను ఇంతగా ఉరికిస్తున్న ఆ వస్తువేమిటి? ముత్యంకు బండి కావాలేమో. ఐలవ్వకు ఏం కావాలి, కమ్మలా? జేమ్స్‌కు? అన్నం తింటూ అదే, పడుకుంటూ అదే. ఒకరోజు ఆగలేక ముత్యంను చాయ్ తాగించి మరీ అడిగాడు.

"జర చెప్పరాదు ముత్యం, ఏమనుకున్నవ్?"

"మీరే చెప్పద్దంటిరి గద సార్."

"నాకు చెప్తే ఏమైతది?"

"మీకు అసలే చెప్పద్దు సార్," అని ముత్యం చాయ్ గ్లాసు పెట్టేసి లేచాడు.

ఆ నెల చివరి వారంలో మబ్బులు కమ్మి రెండు రోజులు ఆడించాయి. వాన పడితే కూలర్ మొహం చూసేవాడుండడు. శ్యాంసుందర్‌కు ముద్ద దిగలేదు. అయితే వాన పడలేదు, నాలుగో శనివారం సాయంత్రానికి టార్గెట్ దాటిపోయింది. ఆయన మనసు నిండిపోయి, ముగ్గురినీ నిలబెట్టి చేతులు పట్టుకున్నాడు.

"మీరు మనసుల ఏదేదనుకున్నరో అన్ని తీర్చుకోండ్రి. కంపెనీ అడ్డం రాదు. నేనే ముంగటుంట."

"మీరే ముంగటుంటరా సార్?" ఐలవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గింత మంచి మనసని నేననుకోలే. అడుగుడెట్లనో అని భయపడ్డ."

"భయమెందుకు? కుటుంబం అన్నంక."

ఇంతలో హైదరాబాద్ నుంచి హరీష్ ఫోన్ చేశారు. "ఒక్క నెల ఎవరైనా అమ్ముతారు శ్యాంసుందర్. వెనకాల నిజంగా టీమ్ ఉందా, లేక గాలివాటమా అన్నది నేను కళ్ళతో చూడాలి. సోమవారం పదింటికి వస్తాను. బ్రాంచి ఉండాలో వద్దో చూశాకే చెప్తాను."

అంటే గండం ఇంకా గట్టెక్కలేదన్నమాట. శ్యాంసుందర్ ఫోన్ పెట్టేసి తిరిగేసరికి జేమ్స్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, నాది రేపే తీర్చాలె. టార్గెట్ అయితే మా సార్‌ను చర్చికి తోలుకొచ్చి సాక్ష్యం చెప్పిస్తనని దేవునికి మాటిచ్చిన."

"దేవునికా?" అన్నాడు శ్యాంసుందర్. "నన్నా?"

"మీరే ముంగటుంటనంటిరి గద సార్."

మాటకు కట్టుబడి ఆదివారం పొద్దున శ్యాంసుందర్ చర్చిలో నిలబడ్డాడు. సాక్ష్యమంటే కష్టకాలంలో దేవుడు ఎలా ఆదుకున్నాడో పదిమందిలో చెప్పడం. ఆయనకు తెలిసిన కష్టం టార్గెట్ ఒక్కటే. కాబట్టి దాని గురించే, పోటీ కంపెనీల గురించి, మబ్బుల గురించి, తన నిద్ర లేని తిప్పల గురించి చెప్పుకుంటూ పోయాడు. ఆపేసరికి రిబ్కమ్మ అనే పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గింత బాధలున్నోని దగ్గర కొనకపోతే ఎట్ల బిడ్డా," అని ఒక కూలర్ రాయించుకుంది. జేమ్స్ ఒక్కడే ఇలా అర్థం చేసుకున్నాడు కాబోలు, మిగతావాళ్ళవి బండ్లు, ఫ్రిజ్‌లే అయ్యుంటాయని శ్యాంసుందర్ సర్దిచెప్పుకున్నాడు.

సీజన్ కాబట్టి మధ్యాహ్నం ఆఫీసు తెరిచారు. రేపటి రాక గురించి మాట్లాడటానికి హరీష్ వీడియో కాల్ చేశారు. ఫోన్ నిండా ఆయన ముఖం, దాని మీద రంగేసి నున్నగా వెనక్కి దువ్విన నల్లని జుట్టు. ఆయన నవ్వుతూ పలకరిస్తుండగా ముత్యం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. తల నున్నటి గుండు. తెల్లవారకముందే కొండగట్టు పోయి అంజన్నకు మొక్కు చెల్లించి వస్తున్నాడు. ఆ గుండు చూడగానే హరీష్ నవ్వు ఆగిపోయింది.

"అయ్యో ముత్యం గారూ. ఎప్పుడు జరిగింది?"

"పొద్దుగాల్నే సార్. జల్ది అయిపోయింది. నొప్పి గూడ తెల్వలే."

హరీష్ కళ్ళు మూసుకున్నారు. "అదొక్కటే ఊరట. ధైర్యంగా ఉండండి," అన్నారు. శ్యాంసుందర్ ఏదో చెప్పబోయేలోపే సిగ్నల్ పోయింది. రెండు నిమిషాల్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెద్దసారు సంతాపం వచ్చింది. ముత్యం గారి తండ్రి ఆత్మకు శాంతి కలగాలని, రేపు ఆఫీసులో అందరం మౌనం పాటిద్దామని దాని సారాంశం. ఆ వెంటనే మిగతా బ్రాంచిల వాళ్ళందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు.

"మా బాపు ఇంట్ల అన్నం తింటుండు సార్," అన్నాడు ముత్యం.

"ఇప్పుడు ఎవలు చావలేదంటే పెద్దసారు సిగ్గుపడ్తడు. బ్రాంచి ఆయన చేతిల ఉన్నది. జర సేపు మౌనమే గద, ఉందాం."

"బతికున్నోనికి మౌనమేంది సార్?"

ఇంతలో ఐలవ్వ శ్యాంసుందర్ దగ్గరికి వచ్చి, "సార్, రేపు తెల్లారి ఎన్ని గంటలకు పోదాం?" అని అడిగింది.

"ఎక్కడికి?"

"ఏములాడకు. రేపు సోమారం గద, రాజన్న దినం. కోడె మొక్కు నేను కడ్త. మీ తలెంటికలు మీరు ఇయ్యాలె."

శ్యాంసుందర్ చేయి తనకు తెలియకుండానే తల మీదికి పోయింది. "నా తలెంటికలు ఎందుకియ్యాలె?"

"నేను మొక్కిన. బ్రాంచి టార్గెట్ అయితే మా సార్ గుండు ఇస్తడని."

"నా జుట్టు నువ్వెట్ల మొక్కుతవ్ ఐలవ్వా? నన్నడిగినవా?"

"పిల్లగాని తలెంటికలు తల్లి మొక్కుతది. పిల్లగాన్ని అడుగుతదా? కుటుంబం అని మీరే అంటిరి. నాకు అన్నిటికంటె పానం ఈ బ్రాంచి. బ్రాంచికి పెద్ద మీరు. ఇంటికి కష్టమొస్తే ఇంటిపెద్ద తలెంటికలే మొక్కుతరు గద."

శ్యాంసుందర్‌కు చిర్రెత్తుకొచ్చింది. రేపు పదింటికి పెద్దసారు వస్తున్నాడని, ఎవరి మొక్కు వాళ్ళే తీర్చుకోవాలని, పక్కవాళ్ళ జుట్టు మీద మొక్కే హక్కు ఎవరికీ లేదని గట్టిగా చెప్పాడు. ఐలవ్వ అరవలేదు. "సరే సార్. ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, ఏరు దాటినంక బోడ మల్లయ్య," అని ఊరుకుంది.

అప్పుడే ఆసిఫాబాద్ నుంచి ఒక ఫంక్షన్ హాల్ ఆయన ఫోన్ చేశాడు. కొత్త కూలర్లు గాలి కొట్టడం లేదట, పెళ్ళి వాళ్ళు తిడుతున్నారట. ముగ్గురూ శ్యాంసుందర్ జుట్టు వైపు చూశారు. "కరెంటు తక్కువొస్తుండచ్చు సార్," అన్నాడు జేమ్స్. అంటూ మళ్ళీ అటే చూశాడు. కాసేపటికి ఖానాపూర్ నుంచి ఇంకో ఫోన్, అదే మాట. ఇక ముత్యం తన గుండు నిమురుకుంటూ, "మా చిన్నాయనకు గూడ ముందుగాల రెండు బర్రెలే పోయినయ్," అన్నాడు.

ఇంటికి పోతే నవనీత అప్పటికే సంచి సర్ది, తువ్వాలు కూడా పెట్టింది. ఐలవ్వ ఆమెకు ముందే ఫోన్ చేసింది. "జుట్టు మల్ల మొలుస్తది," అంది నవనీత. "గా మనుషులు పోతే మల్ల దొరకరు."

ఆ మాట మీద శ్యాంసుందర్ చాలాసేపు ఆలోచించాడు. కోపం తగ్గింది. అమ్మిన కూలర్లకు ఫలంగా తమకోసం ఒక్కటీ అడగకుండా, బ్రాంచి బతకాలని దండం పెట్టుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళ ముందు జుట్టు కోసం గింజుకున్నందుకు సిగ్గేసింది. తెల్లవారుజామున పోతే పదింటికల్లా వచ్చేయొచ్చు అని లెక్కేసుకుని సరేనన్నాడు.

వేములవాడలో సోమవారం అలా లెక్క ప్రకారం నడవదు. నవనీత, ముత్యం, ఐలవ్వలతో పాటు కూలర్లు కొన్న సంఘం ఆడవాళ్ళు ఒక జీపు నిండా వచ్చారు. తాము కూడా కుటుంబమేనట. మొక్కున్నవాళ్ళు గుడి చుట్టూ తిప్పి కట్టేసే కోడెల దగ్గర ఒక వరస, కల్యాణకట్టలో తలనీలాలకు ఇంకో వరస. జేమ్స్ చెప్పులకు కాపలాగా బయట కూర్చున్నాడు. శ్యాంసుందర్ నెత్తి మీద నీళ్ళు పడే వేళకు పదైంది. సగం గుండు అయ్యేసరికి ఫోన్ మోగింది.

"శ్యాంసుందర్, ఆఫీసుకు తాళం వేసుంది," అన్నారు హరీష్.

"ఏములాడల ఉన్నం సార్," అన్నాడు శ్యాంసుందర్, అబద్ధం ఆడే ఓపిక లేక.

"ముత్యం గారి కోసమా? టీమ్ అంతానా?" హరీష్ గొంతు మారిపోయింది. "కదలకండి. నేనే వస్తున్నాను."

కారు దిగిన హరీష్ ఆ గుండ్ల మధ్యలో శ్యాంసుందర్‌ను గుర్తుపట్టలేక రెండుసార్లు పక్క నుంచే పోయారు. గుర్తుపట్టాక రెండు చేతులూ పట్టుకున్నారు. "మీకు ఇంత దగ్గరి బంధుత్వమని నాకు తెలియదు శ్యాంసుందర్."

"ఎవలు చావలే సార్," అంది ఐలవ్వ. ఇక దాచేదేముందని మొదటి సోమవారం నుంచి జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పేసింది.

హరీష్‌కు కోపం వస్తుందనుకున్నారు. ఆయన మాత్రం గోడ పక్కన అరుగు మీద కూర్చుని, అడిగిందే అడిగారు.

"అంటే ఇన్సెంటివ్ ఏమీ ఇవ్వలేదా?"

"బెల్లం ముక్క గూడ ఇయ్యలే సార్."

"మీకోసం మీరేమీ కోరుకోలేదా?"

"బ్రాంచి ఉంటె అన్ని ఉంటయ్ గద."

హరీష్ సంఘం ఆడవాళ్ళను చూశారు, ముత్యం గుండు చూశారు, చెప్పుల మధ్య కూర్చున్న జేమ్స్‌ను చూశారు. "పదిహేనేళ్ళుగా టీమ్ కల్చర్ మీద క్లాసులు చెప్తున్నాను. ఒక్కరు కూడా నా జుట్టు మీద మొక్కేంత దగ్గరగా రాలేదు," అని నవ్వారు. "బ్రాంచి ఎక్కడికీ పోదు. సాయంత్రం ఆర్డర్ మీద సంతకం పెడతాను."

ముత్యం అక్కడికక్కడే కూలబడి ఏడ్చేశాడు. ఇక విమానం ఎక్కే పని లేదని ఇంటికి ఫోన్ చేశాడు. ఐలవ్వ రాజన్నకు మళ్ళీ దండం పెట్టింది. శ్యాంసుందర్ ఒక్కడి ముఖమే పాలిపోయింది. ఆయన హరీష్ తల వైపు చూడటం, చూపు తిప్పుకోవడం, మళ్ళీ చూడటం నవనీత కనిపెట్టింది.

"ఏమైంది? మీరు గూడ మొక్కిండ్రా ఏంది?"

"మబ్బులు పట్టిన నాడు," అన్నాడు శ్యాంసుందర్ నేల చూస్తూ. "టార్గెట్‌కు గాదు. బ్రాంచి నిలబడాలెనని."

"ఏం మొక్కిండ్రు?"

"పెద్దసారు తలెంటికలు."

హరీష్ మెల్లగా లేచారు. "నన్ను అడగకుండానా?"

"బ్రాంచి బతుకుడు, చచ్చుడు మీ చేతులనే ఉండె సార్. ఇంకెవలవి మొక్కాలె?"

హరీష్ రంగేసిన తన జుట్టును ఒకసారి ముట్టుకుని చూసుకున్నారు. "నేనింకా సంతకం పెట్టలేదు కదా," అన్నారు.

"పెట్టకపోతే మొక్కే లేదు సార్," అంది ఐలవ్వ నెమ్మదిగా. "మీ జుట్టు మీకుంటది. మా కొలువులు పోతయ్. గంతే."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అందుకే ఆ మాట హరీష్‌కు గట్టిగా తగిలింది. ఇంటికి ఫోన్ చేస్తున్న ముత్యం మాట ఆపేసి చూస్తున్నాడు. శ్యాంసుందర్ ఎండకు ఎర్రబడిన కొత్త గుండుతో తల వంచుకుని నిలబడ్డాడు. హరీష్ బ్యాగులోంచి ఆర్డరు కాగితం తీసి, శ్యాంసుందర్ వీపు మీద పెట్టి సంతకం చేశారు. తర్వాత కళ్ళజోడు తీసి నవనీత చేతికిచ్చి, కల్యాణకట్టలోకి పోయి పీట మీద కూర్చుని, మంగలితో "చెవుల దగ్గర జర జాగ్రత్త," అన్నారు.

హైదరాబాద్‌లో ఆయన నెలంతా మీటింగులకు టోపీ పెట్టుకునే వచ్చారు. టీమ్ కల్చర్‌లో ఇదేదో కొత్త పద్ధతనుకుని మిగతా బ్రాంచి మేనేజర్లందరూ తలా ఒక టోపీ కొనుక్కున్నారు.